బ్రోమో ఓటీబీఎన్ బ్యాచ్ ఎందుకు ఆగింది, ఎందుకు ఒక్కసారిగా లేచింది: ఒక ఫ్రీ రాడికల్ బ్రోమినేషన్ కేస్ స్టడీ

సార్టాన్ మందుల లైన్‌లో పనిచేసేవాళ్లకి బ్రోమో ఓటీబీఎన్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. లోసార్టాన్, వల్సార్టాన్, ఇర్బెసార్టాన్, క్యాండెసార్టాన్, ఇవన్నీ బీపీ మాత్రలే, అన్నిట్లోనూ అదే బైఫినైల్ ముక్క ఉంటుంది, ఆ ముక్క మాలిక్యూల్‌లోకి ఎక్కేది చాలా రూట్లలో ఈ ఇంటర్మీడియట్ (మందు తయారీ మధ్యలో వచ్చే పదార్థం) ద్వారానే. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం వైపు గానీ, అటు పరవాడ, పైడిభీమవరం వైపు గానీ బల్క్ డ్రగ్‌లో ఉన్నవాళ్లు చాలామంది దీన్ని చేసైనా ఉంటారు, కొనైనా ఉంటారు. కాగితం మీద ఇది ఒకే ఒక్క స్టెప్: ఓటీబీఎన్ (ఆర్థో టోలైల్ బెంజోనైట్రైల్, మన స్టార్టింగ్ మెటీరియల్)లో ఉన్న మిథైల్ గ్రూప్ మీద ఒక హైడ్రోజన్ తీసి ఒక బ్రోమిన్ పెట్టాలి. ఎమ్మెస్సీ ఫస్టియర్‌లో చదివిన ఫ్రీ రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన ముక్క) సబ్‌స్టిట్యూషన్, అంతే. కానీ ప్లాంట్‌లో దీన్ని చాలామంది ఈజీగా తీసుకుంటారు, నాకు బాధ కలిగించేది అదే, ఎందుకంటే ఈ రియాక్షన్ స్టార్ట్ కాకుండా సైలెంట్‌గా కూర్చున్నప్పుడే అసలు ప్రమాదకరంగా ఉంటుంది. నేను ట్రబుల్‌షూటింగ్‌కి వెళ్లిన ఒక బ్యాచ్ గురించి పూర్తిగా రాస్తున్నా, కంపెనీ పేరు అవసరం లేదు.

ముందు కెమిస్ట్రీ కొంచెం చూద్దాం, అది లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. బెంజైలిక్ (బెంజీన్ రింగ్‌కి ఆనుకున్న కార్బన్ మీది) సీ-హెచ్ బాండ్ తెగడానికి మోల్‌కి దాదాపు 90 కిలో క్యాలరీలు కావాలి, హైడ్రోజన్ బ్రోమైడ్ బాండ్ ఏర్పడితే తిరిగొచ్చేది 87 చిల్లర. అంటే బ్రోమిన్ రాడికల్ వచ్చి హైడ్రోజన్ లాక్కునే స్టెప్‌లో లాభం లేదు, కొంచెం నష్టమే, అందుకే బ్రోమిన్ రాడికల్ ఎక్కడ పడితే అక్కడ పట్టుకోదు, బాగా బలహీనంగా ఉన్న హైడ్రోజన్‌నే వెతుక్కుంటుంది. క్లోరిన్ అయితే హైడ్రోజన్ క్లోరైడ్ బాండ్ 103, ఆ స్టెప్‌లో బోలెడంత వేడి బయటికొస్తుంది, అందుకే దానికి సెలెక్టివిటీ తక్కువ. ఆల్కేన్ల మీద ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ హైడ్రోజన్లకి క్లోరిన్ ఇచ్చే తేడా సుమారు 1, 4, 5, అదే బ్రోమిన్ ఇచ్చేది 1, 80, 1600, టెక్స్ట్‌బుక్స్‌లో అందరూ చూసిన నంబర్లే. ఓటీబీఎన్‌లో మిథైల్ కాకుండా మిగిలినవన్నీ ఆరోమాటిక్ హైడ్రోజన్లు, వాటి బాండ్లు ఇంకా గట్టివి, కాబట్టి రాడికల్ మిథైల్ మీదకే పోతుంది, ఆ విషయంలో భయం లేదు. భయం అదే మిథైల్ మీద పడే రెండో బ్రోమిన్‌తోనే, అలా వచ్చేదాన్ని డైబ్రోమో అంటాం, ఒక్కటే పడితే మోనో.

మేం వాడింది ఎన్‌బీఎస్ (ఎన్-బ్రోమోసక్సినిమైడ్). వోల్ 1919లో, జీగ్లర్ 1942లో దీని గురించి రాశారు కాబట్టి ఆ రియాక్షన్‌కి వాళ్లిద్దరి పేర్లే ఉన్నాయి, కానీ లోపల ఏం జరుగుతుందో క్లియర్‌గా చెప్పింది గోల్డ్‌ఫింగర్ బృందం, 1953లో. ఎన్‌బీఎస్ డైరెక్ట్‌గా బ్రోమినేట్ చేయదు, అది బ్రోమిన్‌ని చిన్న చిన్న మోతాదుల్లో తయారుచేసి ఇస్తుంది. బ్రోమిన్ రాడికల్ హైడ్రోజన్ లాక్కుంటే హెచ్‌బీఆర్ (హైడ్రోజన్ బ్రోమైడ్) పుడుతుంది, ఆ హెచ్‌బీఆర్ వెళ్లి ఎన్‌బీఎస్‌తో కలిస్తే ఒక బ్రోమిన్ మాలిక్యూల్ వస్తుంది, అది బెంజైల్ రాడికల్‌తో కలిసి ప్రోడక్ట్ ఇస్తుంది, మళ్లీ బ్రోమిన్ రాడికల్ మిగులుతుంది, చక్రం తిరుగుతూ ఉంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది, హెచ్‌బీఆర్ గానీ బ్రోమిన్ గానీ కొంచెమైనా లేకపోతే చక్రం మొదటి చుట్టు తిరగదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక బ్యాచ్ సంగతి. సాల్వెంట్ క్లోరోబెంజీన్. పాతకాలంలో ఇదంతా కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో చేసేవాళ్లు, అందులో ఒక సుఖం ఉండేది, ఎన్‌బీఎస్ బరువుగా అడుగున ఉంటుంది, రియాక్షన్ అయ్యేకొద్దీ తయారయ్యే సక్సినిమైడ్ తేలికగా పైకి తేలుతుంది, కాబట్టి అడుగున ఏమీ లేకపోతే రియాక్షన్ అయిపోయినట్టే అని కంటితో చూసి చెప్పేవాళ్లు. ఓజోన్ గొడవ వల్ల మాంట్రియల్ ప్రోటోకాల్ కింద దాన్ని ఆపేశారు, మన దేశంలో 2010 నుంచి అలాంటి వాడకం బంద్. క్లోరోబెంజీన్‌లో ఆ సౌకర్యం లేదు, ఎన్‌బీఎస్, సక్సినిమైడ్ రెండూ సాల్వెంట్ కంటే బరువే. ఇంకో తేడా కూడా ఉంది, టెట్రా 77 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి వేడి ఎక్కువైతే రిఫ్లక్స్ అయి కండెన్సర్ ఆ వేడిని లాగేస్తుంది, క్లోరోబెంజీన్ మరిగేది 132 దగ్గర, అంటే 75 డిగ్రీల దగ్గర మొదలైన ఎగ్జోథర్మ్‌కి (రియాక్షన్ వదిలే వేడికి) మధ్యలో అడ్డం ఏదీ లేదు, జాకెట్ కూలింగ్ ఒక్కటే దిక్కు.

బీఎమ్‌ఆర్ (బ్యాచ్ తయారీ రికార్డు) ప్రకారం జీఎల్‌ఆర్ (గ్లాస్ లైన్డ్ రియాక్టర్)లో ఓటీబీఎన్, క్లోరోబెంజీన్ వేసి, 70 నుంచి 75 డిగ్రీలకి తీసుకెళ్లి, మ్యాన్‌హోల్ తెరిచి ఎన్‌బీఎస్ మొత్తం, ఏఐబీఎన్ (రాడికల్స్ పుట్టించి రియాక్షన్ మొదలుపెట్టే ఇనీషియేటర్) మొత్తం పౌడర్‌గానే వేసి, మ్యాన్‌హోల్ మూసి మెయింటెనెన్స్, అంటే అదే టెంపరేచర్‌లో ఉంచడం. ల్యాబ్‌లో ఇదే ప్రొసీజర్‌లో పది పదిహేను నిమిషాల్లో రంగొచ్చి రెండు మూడు గంటల్లో అయిపోతోంది. ప్లాంట్‌లో ఏమో ఏఐబీఎన్ వేసి గంట దాటినా టెంపరేచర్ గీత కదల్లేదు. సైట్ గ్లాస్‌లోంచి టార్చ్ వేసి చూస్తే లేత పసుపు స్లర్రీ తిరుగుతూనే ఉంది, ఎర్రటి నారింజ రంగు ఎక్కడా లేదు. శాంపిల్ తీస్తే హెచ్‌పీఎల్‌సీ (ఏ పదార్థం ఎంతుందో చూపే పరీక్ష)లో దాదాపు మొత్తం స్టార్టింగ్ మెటీరియలే. అప్పుడు ఆపరేటర్ అడిగాడంట, "సార్, ఏఐబీఎన్ పాడైపోయిందేమో, ఇంకో డోస్ వేద్దామా" అని. షిఫ్ట్‌లో ఉన్నాయన సరే అన్నారు, మళ్లీ మ్యాన్‌హోల్ తెరిచి అంతే క్వాంటిటీ ఇంకోసారి వేశారు, దాంతోపాటు హాట్ వాటర్ పెంచి 85కి తీసుకెళ్దాం అనుకున్నారు. 80 దాటాక రంగు మారింది, అంతే, కొద్ది నిమిషాల్లో టెంపరేచర్ వంద దాటిపోయింది, వెంట్‌లోంచి ఎర్రటి పొగ స్క్రబ్బర్‌కి (గ్యాస్‌ని కడిగే యూనిట్‌కి) పోయింది, చిల్డ్ వాటర్ ఫుల్‌గా ఓపెన్ చేసి ఎలాగో దించారు. రప్చర్ డిస్క్ (ప్రెషర్ ఎక్కువైతే పగిలే రక్షణ పలక) పోలేదు, మనుషులకి ఏమీ కాలేదు, అది ముఖ్యం.

ఫైనల్ శాంపిల్ చూస్తే అందరూ తల పట్టుకున్నారు, ఎందుకంటే డైబ్రోమో లిమిట్ కంటే చాలా ఎక్కువ, స్టార్టింగ్ మెటీరియల్ కూడా చాలా మిగిలింది, పైగా చిన్నగా ఒక ఆల్డిహైడ్ పీక్. మామూలుగా డైబ్రోమో పెరిగితే ఎన్‌బీఎస్ ఎక్కువైందంటారు, స్టార్టింగ్ మెటీరియల్ మిగిలితే తక్కువైందంటారు, మరి రెండూ ఒకేసారి ఉంటే ఏమనాలి? వెయింగ్ తప్పా అని స్టోర్స్ రికార్డులు తిరగేశారు, కరెక్ట్‌గానే ఉంది. కేజీ ఓటీబీఎన్‌కి ఒక ఈక్వివలెంట్ అంటే 0.92 కేజీల ఎన్‌బీఎస్, మాలిక్యులార్ వెయిట్లు 193, 178 కాబట్టి, దాని మీద ఐదు శాతం అదనం, లెక్క సరిపోయింది. రింగ్ మీద బ్రోమిన్ పడిందేమో, రియాక్టర్ గ్లాస్ ఎక్కడైనా పగిలి ఐరన్ తగిలిందేమో అని కూడా చూశారు, ఐరన్ ఉంటే బ్రోమిన్ రాడికల్ దారి వదిలేసి అయానిక్ దారిలో రింగ్‌కి పోతుంది. అలాంటి పీక్ లేదు, గ్లాస్ లైనింగ్‌లో పగుళ్లు పట్టే స్పార్క్ టెస్ట్ కూడా ఓకే.

నేను వెళ్లాక మొదట అడిగింది ఒక్కటే, ల్యాబ్‌లో ఫ్లాస్క్ ఎక్కడ పెట్టి చేశారు అని. ఫ్యూమ్ హుడ్‌లో, లోపల ట్యూబ్‌లైట్, పక్కనే కిటికీ. బ్రోమిన్-బ్రోమిన్ బాండ్ 46 కిలో క్యాలరీలే, మామూలు కంటికి కనిపించే వెలుతురు చాలు దాన్ని విరగ్గొట్టడానికి, బ్రోమిన్ ఆ రంగులో ఉండేది అసలు ఆ వెలుతురుని మింగుతుంది కాబట్టే. అంటే ల్యాబ్‌లో ఇనీషియేటర్ పని సగం ట్యూబ్‌లైటే చేస్తోంది, జీఎల్‌ఆర్ లోపల ఏమో చీకటి. నేను చెబితే నమ్మడం కష్టం కాబట్టి ల్యాబ్‌లోనే చూపిద్దామని ఫ్లాస్క్ చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టించా, హుడ్ లైట్ ఆర్పించా, మిగతాదంతా సేమ్. ప్లాంట్‌లో జరిగిందే అక్కడా జరిగింది, చాలాసేపు అలాగే లేత పసుపు. ఫాయిల్ పక్కకి కొంచెం జరిపి చూస్తున్న కుర్రాడు, బహుశా ఆ సందులోంచి వెళ్లిన వెలుతురుకే అనుకుంటా, ఉన్నట్టుండి "సార్ రంగొస్తోంది" అని అరిచాడు, ఫ్లాస్క్‌లో ఒక పక్క నుంచి నారింజ రంగు పాకడం అందరం చూశాం. ఆ తర్వాత ఎవరూ నన్ను ప్రశ్న అడగలేదు.

కానీ చీకటి ఒక్కటే కారణం కాదు. చీకట్లో కూడా ఏఐబీఎన్ ఉంది కదా, దాని పని అదే కదా. ఇక్కడే ఆక్సిజన్ వస్తుంది. బెంజైల్ రాడికల్‌కి ఆక్సిజన్ కనిపిస్తే బ్రోమిన్ కోసం ఆగదు, డిఫ్యూజన్ ఎంత స్పీడో అంత స్పీడ్‌తో ఆక్సిజన్‌నే పట్టుకుని పెరాక్సీ రాడికల్ అయిపోతుంది, ఏఐబీఎన్ నుంచి వచ్చే రాడికల్ కూడా అంతే. ఆక్సిజన్ కరిగి ఉన్నంతసేపు పుట్టిన ప్రతి రాడికల్ అక్కడే చచ్చిపోతుంది, చైన్ సాగదు, బయటి నుంచి చూసేవాళ్లకి ఏమీ జరగనట్టు ఉంటుంది. నిజానికి ఆక్సిజన్ నెమ్మదిగా ఖర్చైపోతోంది. మ్యాన్‌హోల్ తెరిచి పౌడర్ వేశారు కాబట్టి హెడ్‌స్పేస్ (ద్రవం పైన ఉండే ఖాళీ) నిండా గాలే, రెండో డోస్ కోసం మళ్లీ తెరిచారు, ఇంకోసారి గాలి. ఆల్డిహైడ్ పీక్‌కి ఒక కారణం ఇదే. ఆల్డిహైడ్ ఇంకో దారిలో కూడా వస్తుంది, డైబ్రోమో నీళ్లతో హైడ్రోలైజ్ అయినా అదే పీక్, కాబట్టి ఏది ఎంతో తెలుసుకోవాలంటే వాటర్ వాష్‌కి ముందు ఒక శాంపిల్, తర్వాత ఒకటి తీయాలి. మా కేసులో వాష్‌కి ముందే కొంత ఉంది, వాష్ తర్వాత ఇంకొంచెం పెరిగింది.

మూడో సంగతి ఎన్‌బీఎస్ లాట్. ల్యాబ్ వాళ్లు వాడింది పాత లాట్, కొంచెం పసుపు తిరిగింది, ప్లాంట్‌కి వచ్చింది కొత్త లాట్, మల్లెపూవులా తెల్లగా ఉంది. క్యూసీ చూస్తే కొత్తదే మంచిది, ప్యూరిటీ ఎక్కువ. కానీ ఇందాక చెప్పిన మెలిక గుర్తుందిగా, ఆ పసుపు అంటే కొంచెం బ్రోమిన్ బయటపడి ఉందని, చక్రం తిప్పడానికి మొదటి తోపు అదే ఇస్తుంది. తెల్లటి ఎన్‌బీఎస్‌లో ఆ తోపు ఉండదు. ఫాయిల్ చుట్టి, నైట్రోజన్ బాగా పోనిచ్చి రెండు లాట్లూ పక్కపక్కన పెడితే పసుపు లాట్ త్వరగా అందుకుంది, తెల్లది కూడా అందుకుంది కానీ లేటుగా. అదే తెల్ల లాట్‌కి మొదట్లో క్లోరోబెంజీన్‌లో కలిపిన బ్రోమిన్ కొన్ని చుక్కలు వేస్తే తేడా పోయింది.

ఇప్పుడు ఏఐబీఎన్ లెక్క చూడండి, నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో ఇదే గుండెకాయ. ఏఐబీఎన్ హాఫ్ లైఫ్ (సగం విరిగిపోవడానికి పట్టే టైమ్) 65 డిగ్రీల దగ్గర పది గంటలు, 70 దగ్గర ఐదు గంటల పైచిలుకు, 82 దగ్గర గంట, 100 దాటాక నిమిషాల్లోనే. 70, 75 దగ్గర గంటో గంటన్నరో గడిచినా వేసిన ఏఐబీఎన్‌లో ముప్పావు వంతుకి అటూ ఇటూగా అలాగే ఉంది, పాడైపోలేదు, ఖర్చూ కాలేదు. దాని మీద ఇంకో ఫుల్ డోస్ వేసి, వేడి పెంచారు. ఎన్‌బీఎస్ మొత్తం లోపలే ఉంది, ఆక్సిజన్ దాదాపు అయిపోవచ్చింది, ఇనీషియేటర్ డబుల్ దగ్గరికొచ్చింది, హాఫ్ లైఫ్ ఏమో ఐదు గంటల నుంచి గంటలోకి పడిపోయింది. ఇక లేవకుండా ఎలా ఉంటుంది? లేచాక వేడి వల్ల ఏఐబీఎన్ ఇంకా స్పీడుగా విరుగుతుంది, దాంతో ఇంకా వేడి, పైగా ఏఐబీఎన్ ఒక్కో మోల్‌కి ఒక మోల్ నైట్రోజన్ గ్యాస్ వదులుతుంది, ఆ గ్యాస్ పోతూ పోతూ బ్రోమిన్ ఆవిరిని స్క్రబ్బర్‌కి మోసుకుపోయింది. స్టార్టింగ్ మెటీరియల్ మిగిలింది అందుకే, వేసిన బ్రోమిన్ కొంత స్క్రబ్బర్‌లో కూర్చుంది. డైబ్రోమో పెరగడానికి కారణం టెంపరేచర్. మోనో మీద ఇంకా రెండు బెంజైలిక్ హైడ్రోజన్లు ఉంటాయి, మామూలుగా రెండో బ్రోమినేషన్ కొంచెం నెమ్మది, ఆ తేడా మీదే మన సెలెక్టివిటీ అంతా ఆధారపడి ఉంది, వేడి పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది. దానికి తోడు ఒకేసారి గుమ్మరించిన ఎన్‌బీఎస్ అడుగున ముద్దగా ఉండి ఆ ముద్దల దగ్గర బ్రోమిన్ లోకల్‌గా ఎక్కువైంది.

ఆ బ్యాచ్‌ని పారేయలేదు. డైబ్రోమోని వెనక్కి మోనోగా మార్చడానికి మంచి దారి ఉంది, డైఇథైల్ ఫాస్ఫైట్, దాంతో డీఐపీఈఏ అనే బేస్. ఫాస్ఫైట్ యానయాన్ ఒక బ్రోమిన్‌ని లాక్కుంటుంది, దాని చోట హైడ్రోజన్ వస్తుంది, ఇది రాడికల్ రియాక్షన్ కాదు. తక్కువ టెంపరేచర్‌లో, డైబ్రోమో ఎంత ఉందో హెచ్‌పీఎల్‌సీతో లెక్కగట్టి దానికి తగినంతే వేయాలి, ఎక్కువ వేస్తే అది మోనో మీద కూడా పడుతుంది. సార్టాన్ ఇంటర్మీడియట్లకి కావాలనే కొంచెం ఎక్కువ బ్రోమినేట్ చేసి, తర్వాత ఇలా వెనక్కి తెచ్చే ప్రొసీజర్లు కూడా పబ్లిష్ అయ్యాయి, నాకు ఆ ఐడియా చాలా ఇష్టం, ఎందుకంటే మిగిలిన స్టార్టింగ్ మెటీరియల్‌ని తీయడం కంటే ఇది సులువు.

ప్రాసెస్‌లో మార్చినవి చెప్తా. ఓటీబీఎన్, క్లోరోబెంజీన్, ఎన్‌బీఎస్ గది టెంపరేచర్‌లోనే వేసి మ్యాన్‌హోల్ మూసేయాలి, ఇక బ్యాచ్ అయ్యేదాకా తెరవకూడదు. నైట్రోజన్ పైన బ్లాంకెట్‌గా కాదు, డిప్ పైప్‌తో ద్రవం లోపలికి, బుడగలు వచ్చేలా, హీటింగ్ మొదలుపెట్టకముందే. చాలాచోట్ల వెంట్ లైన్‌లో నైట్రోజన్ పోతుంటే చాలనుకుంటారు, ద్రవంలో కరిగిన ఆక్సిజన్ దానితో పోదు. ఏఐబీఎన్‌ని పౌడర్‌గా వేయడం ఆపేశాం, క్లోరోబెంజీన్‌లో కరిగించి, చల్లగా ఉంచిన అడిషన్ వెసెల్ నుంచి నెమ్మదిగా డోసింగ్. టెంపరేచర్ 80 నుంచి 83. చాలామంది భయపడి తక్కువ టెంపరేచర్ సేఫ్ అనుకుంటారు, ఇక్కడ అది తిరగబడుతుంది, తక్కువ టెంపరేచర్‌లో ఇనీషియేటర్ పోగుపడుతుంది, 80 పైన వేసింది చాలా త్వరగా ఖర్చవుతుంది. మొదట చిన్న భాగం ఏఐబీఎన్ మాత్రమే వేసి, రంగు వచ్చి, జాకెట్‌కీ లోపలికీ టెంపరేచర్ తేడా కనిపించేదాకా మిగతాది ఆపాలి. రాకపోతే ఇంకో డోస్ వేయడం అనేది లేదు, ముందు బ్యాచ్‌ని చల్లార్చి, నైట్రోజన్ మళ్లీ పోనిచ్చి, ఆక్సిజన్ ఎక్కణ్నుంచి వస్తోందో వెతకాలి. ఈ లైన్‌ని బీఎమ్‌ఆర్‌లో పెద్ద అక్షరాలతో పెట్టించా, షిఫ్ట్‌లో ఎవరున్నా ఫోన్ చేసి అడగక్కర్లేకుండా.

ఇంకొకటి ఎండ్ పాయింట్. స్టార్టింగ్ మెటీరియల్ సున్నా అయ్యేదాకా లాగొద్దు. ఇవి ఒకదాని తర్వాత ఒకటి జరిగే రియాక్షన్లు, చివరి నాలుగైదు శాతం ఓటీబీఎన్ కోసం వెంటపడితే, చుట్టూ ఉన్నదంతా మోనోనే కాబట్టి బ్రోమిన్ ఎక్కువగా దాని మీదకే పోతుంది. ఓటీబీఎన్ కరిగేది 50 డిగ్రీల దగ్గర, బ్రోమో ఓటీబీఎన్ 125 పైన, ఆ తేడా వల్ల క్రిస్టలైజేషన్‌లో స్టార్టింగ్ మెటీరియల్ ఎంఎల్ (మదర్ లిక్కర్, క్రిస్టల్స్ తీశాక మిగిలే ద్రవం)లోకి హాయిగా వెళ్లిపోతుంది. డైబ్రోమో అంత సులువుగా పోదు. ఏది మిగిలినా పర్వాలేదో ఏది మిగలకూడదో తెలిస్తే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

మార్చాక వచ్చిన బ్యాచ్‌లలో ఇండక్షన్ పీరియడ్ (రియాక్షన్ అందుకునేదాకా పట్టే టైమ్) ఇంచుమించు పోయింది, టెంపరేచర్ గీత ఫ్లాట్‌గా ఉంది, డైబ్రోమో ల్యాబ్‌లో వచ్చిన రేంజ్‌కి దిగింది, ఆల్డిహైడ్ వాష్‌కి ముందు కనపడటం లేదు. వర్కప్ మామూలే, థయోసల్ఫేట్‌తో మిగిలిన బ్రోమిన్‌ని చంపి, నీళ్లతో సక్సినిమైడ్ తీసేయడం. సెంట్రిఫ్యూజ్ దగ్గర మాత్రం జాగ్రత్త, ఈ బెంజైలిక్ బ్రోమైడ్ల డస్ట్ కళ్లనీ చర్మాన్నీ మండిస్తుంది, గాగుల్స్ నుదుటి మీద పెట్టుకుంటే పనిచేయవు. ఏఐబీఎన్ నుంచి టెట్రామిథైల్ సక్సినోనైట్రైల్ అనే విషపదార్థం కూడా తయారవుతుంది, ఎంఎల్ నుంచి సాల్వెంట్ రికవరీ చేసే వాళ్లకి ఆ సంగతి చెప్పి తీరాలి, సాధారణంగా ఎవరూ చెప్పరు.

ఇదంతా ఒక ఇంటర్మీడియట్ గురించే కదా, తర్వాత స్టెప్‌లలో ప్యూరిఫై అవుతుందిలే అనేవాళ్ల కోసం ఒక మాట. బ్రోమో ఓటీబీఎన్ ఆల్కైలేటింగ్ ఏజెంట్, ఐసీహెచ్ ఎమ్7 (మందుల్లో డీఎన్‌ఏని దెబ్బతీసే మలినాల మీద అంతర్జాతీయ గైడ్‌లైన్) కింద మ్యుటాజెనిక్ అలర్ట్ ఉన్న స్ట్రక్చర్, అలాంటివాటికి జీవితాంతం వాడే మందులో మామూలుగా పెట్టే హద్దు రోజుకి 1.5 మైక్రోగ్రాములు. 2018లో వల్సార్టాన్‌లో నైట్రోసమైన్ బయటపడి ప్రపంచమంతా బ్యాచ్‌లు రీకాల్ అయ్యాక అందరూ నైట్రోసమైన్ వెంటపడ్డారు, 2021లో సార్టాన్లలో అజైడో ఇంప్యూరిటీల గొడవ వచ్చింది. కప్లింగ్ (ఈ ముక్కని మందులోని మిగతా భాగానికి అతికించే స్టెప్)లో ఖర్చు కాకుండా మిగిలిన బ్రోమోమిథైల్ ముక్క, టెట్రాజోల్ స్టెప్‌లో సోడియం అజైడ్ కనిపిస్తే, బ్రోమిన్ పోయి అజైడ్ వచ్చి కూర్చుంటుంది, అంతే సింపుల్. కాబట్టి కప్లింగ్‌కి వెళ్లే బ్రోమో ఓటీబీఎన్ అస్సే (అసలు పదార్థం శాతం) కరెక్ట్‌గా తెలియాలి, డైబ్రోమో, ఓటీబీఎన్ ఎంతున్నాయో తెలియకుండా ఈక్వివలెంట్లు లెక్కగడితే ఎక్కువ వేస్తారు, ఆ ఎక్కువే అక్కడ మిగులుతుంది.

ఇప్పుడు అదే టీమ్‌తో కలిసి చూస్తున్నది ఎన్‌బీఎస్ లేకుండా చేయడం. కేజీ ఓటీబీఎన్‌కి అర కేజీ పైన సక్సినిమైడ్ ఎఫ్లుయెంట్‌లోకి పోతోంది, ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంట్) వాళ్లు దాని గురించి ఎప్పుడూ గోల పెడుతూనే ఉంటారు. బ్రోమిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడితే పుట్టిన హెచ్‌బీఆర్‌ని పెరాక్సైడ్ మళ్లీ బ్రోమిన్ చేసేస్తుంది, సగం మోల్ బ్రోమిన్‌తోనే పని అయిపోతుంది, మిగిలేది నీళ్లే. కానీ అది రెండు ఫేజుల రియాక్షన్, స్టిర్రింగ్ ఆగితే పెరాక్సైడ్ పోగుపడుతుంది, బ్రోమిన్ ఉన్నచోట పెరాక్సైడ్ విరిగి ఆక్సిజన్ కూడా వదులుతుంది, అదే ఆక్సిజన్ మళ్లీ చైన్‌ని ఆపుతుంది. అందుకే ఈసారి మొదటి ట్రయల్ నుంచే ఫ్లాస్క్‌కి ఫాయిల్ చుట్టి, గ్యాస్ ఎంత వస్తోందో కొలుస్తూ రియాక్షన్ క్యాలరీమీటర్‌లో చేస్తున్నాం, ఆ డేటా వచ్చాకే జీఎల్‌ఆర్ మాట.